వంతెన దాటిన బండి

ఆఫీసులో ఆయన్ని అందరూ వంతెన బాబాయ్ అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం మర్యాదకి వంతెన తీసేసి ఉత్త బాబాయ్ అంటారు. ఇరవయ్యారేళ్ళుగా ఆయన ఆ లారీ ఆఫీసులో ఫోను దగ్గర కూర్చుంటున్నాడు. సరుకు తాలూకు మనిషిని ఆ వ్యాపారంలో పార్టీ అంటారు. "మా సరుకు ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని అడిగిన ప్రతి పార్టీకీ ఆయన చెప్పే జవాబు ఒక్కటే: "వంతెన దాటిందండి."

బండి నిజంగానే వంతెన దాటి ఉండొచ్చు. వంతెనకి ఈవల టీకొట్టు దగ్గర ఆగి ఉండొచ్చు. సగం లోడుతో, పైన కప్పే పట్టా అయినా కట్టకుండా, ఆఫీసు వెనక ఆవరణలోనే నిలబడి ఉండొచ్చు. బాబాయ్ కిటికీలోంచి ఆ బండిని చూస్తూనే, "దాటిందండి, డ్రైవరు ఇప్పుడే ఫోన్ చేశాడు" అనేవాడు. అసలు దక్షిణం వైపు పోయే దారిలో వంతెనే లేదు. ఆ దారిన పోయే బండ్లు కూడా వంతెన దాటేవి.

అలాగని ఆయన్ని అబద్ధాలకోరు అనేస్తే నేనూరుకోను. బయట ఆయనంత నిక్కచ్చి మనిషి లేడు. పక్కింట్లో అడిగి తెచ్చిన నిచ్చెన చెప్పిన పూటకి తిరిగి వెళ్ళిపోయేది. వస్తానన్న చోటికి పది నిమిషాలు ముందే వెళ్ళి గుమ్మం బయట నిలబడేవాడు. వంతెన మాట ఆయన నోటికి సంబంధించినది కాదు, కుర్చీకి సంబంధించినది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే చెప్పేవాళ్ళు.

చేరిన మొదటిరోజు ఆయన నిజమే చెప్పాడు. "బండి ఇంకా బయల్దేరలేదండి" అన్నాడు. అవతలి మనిషి పావుగంట తిట్టి, పెట్టేసి, మళ్ళీ చేసి తిట్టాడు. మూడోసారి ఫోను మోగినప్పుడు యజమాని పెద్దాయన లేచి వచ్చి తనే ఎత్తాడు. "వంతెన దాటిందండి" అన్నాడు. అటునుంచి "చాలా సంతోషమండీ" అని వినబడింది.

పెద్దాయన ఫోను పెట్టేసి పాఠం చెప్పాడు. "అడిగేవాడికి కావలసింది బండి కాదయ్యా, ధైర్యం. నువ్వు దాటిందన్నంత మాత్రాన బండి తొందరగా రాదు, దాటలేదన్నంత మాత్రాన ఆలస్యం కాదు. మరి మనిషిని క్షోభపెట్టడం దేనికి?"

"వంతెనే ఎందుకండీ? ఏదో ఒక ఊరి పేరు చెప్పొచ్చు కదా?"

"ఊళ్ళో అయితే వాళ్ళకి తెలిసినవాళ్ళు ఉంటారు. ఫోన్ చేసి కనుక్కుంటారు. వంతెన మీద ఎవరూ కాపురం ఉండరు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు. కానీ ఈ మాట బాబాయ్ మీదా పనిచేసింది. పెళ్ళయిన కొత్తలో భార్య సామాను, అంటే కుట్టు మిషను, మంచం, రెండు ఇనప్పెట్టెలు, వాళ్ళ ఊరినుంచి ఈ ఆఫీసు లారీలోనే వేయించాడు. రెండ్రోజులైనా రాకపోతే వీధి చివర కొట్టునుంచి ఆఫీసుకి ఫోన్ చేశాడు. పెద్దాయన ఎత్తి, గొంతు గుర్తుపట్టి కూడా, "వంతెన దాటిందయ్యా" అన్నాడు. ఆ దారిలో వంతెన లేదని ఇద్దరికీ తెలుసు. అయినా బాబాయ్ ఇంటికొచ్చి, "వింటున్నది అబద్ధమని తెలుసు, అయినా ప్రాణం కుదుటపడింది చూడు" అన్నాడు భార్యతో. ఆ తరవాత ఇంకో నాలుగు రోజులు ఇద్దరూ నేలమీద పడుకున్నారు.

ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. గుమ్మంలోకి వచ్చి చొక్కా ఏమైందని అడిగినవాళ్ళకి, "అయిపోయిందమ్మా, గుండీలొక్కటే మిగిలాయి" అంటుంది. చాలాసార్లు ఆ చొక్కా బట్ట కత్తిరించి కూడా ఉండదు. మొగుడూ పెళ్ళాలకి ఆ విషయంలో ఒకరిమీద ఒకరికి ఫిర్యాదు లేదు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే "వంతెన దాటిందా?" అని ఆవిడ అడుగుతుంది, "గుండీలు కుట్టావా?" అని ఆయన అడుగుతాడు. అదే వాళ్ళ పలకరింపు.

అన్నిసార్లూ అంత తేలిగ్గా పోలేదు. పన్నెండేళ్ళ కిందట ఒక ఊరి నీటి సరఫరా శాఖలో కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరు పైపుల లోడు కోసం పొద్దున్నే ఫోన్ చేశాడు. బాబాయ్ వంతెన దాటిందన్నాడు. ఆ కుర్రాడు నమ్మి ఇరవైమంది కూలీలని పిలిపించి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టాడు. పైపులు మర్నాడు సాయంత్రానికి చేరాయి. పై అధికారి అందరి ముందూ చీవాట్లు పెట్టాడట. ఆ కుర్రాడు ఫోన్ చేసి తిట్టలేదు. "నేను మీ మాట నమ్మాను" అని మాత్రం అని పెట్టేశాడు. తిట్టి ఉంటే బాబాయ్ రెండ్రోజుల్లో మరిచిపోయేవాడు.

రెండేళ్ళ కిందట పెద్దాయన మోకాళ్ళు సహకరించక ఇంటిపట్టునే ఉండిపోయాడు. ఆయన కూతురు వచ్చి ఆ సీట్లో కూర్చుంది. చిన్నప్పుడు ఆఫీసు బల్లల కింద దూరి ఆడుకున్న పిల్లే. పాత రసీదులతో బాబాయ్ చేసిచ్చిన కాగితప్పడవలు వాననీళ్ళలో వదిలిన పిల్లే. ఇప్పుడు అందరూ అమ్మాయిగారు అంటున్నారు. ఆవిడ మాత్రం బాబాయ్‌ని బాబాయ్ అనే పిలుస్తుంది.

వచ్చీ రాగానే ఆఫీసుని కిందా మీదా చేసింది. పాతవాళ్ళు గొణిగారు గానీ, నిజం చెప్పుకోవాలంటే అందులో చాలా భాగం ఎప్పుడో జరగాల్సిందే. ఇంతకుముందు సరుకు దింపేసిన బండి తిరుగు లోడు కోసం రెండేసి రోజులు చెట్టుకింద పడి ఉండేది. ఇప్పుడు దింపకముందే ఫోనులో తిరుగు లోడు ఖాయమైపోతోంది. సరుకు అందినట్టు పార్టీ సంతకం చేసిన కాగితం ఒకప్పుడు డ్రైవరు జేబులో చెమటకి నానిపోయి వారానికి వచ్చేది. ఇప్పుడు అక్కడే ఫొటో తీసి పంపిస్తున్నారు. టైర్లు పేలాక మార్చడం పోయి, పేలకముందు మార్చడం వచ్చింది.

ఆ తరవాత డబ్బాలు వచ్చాయి. సబ్బుపెట్టంత నల్లటి డబ్బా, వెనక అయస్కాంతం. డ్రైవరు ముందున్న ఇనప రేకుకి అంటిస్తే అంటుకుంటుంది. బండి ఎక్కడుందో, ఎంత వేగంలో పోతోందో అది నిమిషనిమిషానికీ ఆఫీసు తెరమీద చూపిస్తుంది. పార్టీకి ఫోనులో ఒక లింకు పంపితే వాళ్ళకీ అదే కనిపిస్తుంది. మొదటి వారంలోనే రెండు డబ్బాలు టీకొట్ల దగ్గర పోయాయి. అమ్మాయిగారు డ్రైవర్లని సమావేశపరిచి వాటిని జాగ్రత్తగా చూసుకోమంది. ఆవిడ మాట మెత్తగా ఉందని బాబాయ్ లేచి దానికి కాస్త కారం పూశాడు. "ఒరేయ్, ఆ డబ్బా మీ ప్రాణం అనుకోండి. బండి దిగితే అది మీ చేతిలో ఉండాలి. డబ్బా వదిలినవాడు ఉద్యోగం వదిలినట్టే." ఆ మాట తిరిగి తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడు ఆయనకేం తెలుసు.

లింకులు మొదలైన రోజే కూలర్లు తయారుచేసే పార్టీ ఫోన్ చేశాడు. "బండి ఎక్కడుందండీ?"

"వంతెన దాటిందండి" అన్నాడు బాబాయ్, అలవాటు కొద్దీ.

"నా ఫోనులో మీ కిటికీ కింద కనిపిస్తోందండీ" అన్నాడు పార్టీ.

బాబాయ్ కిటికీలోంచి చూశాడు. బండి అక్కడే ఉంది. దాని ముందు టైరు మీద పిల్లి పడుకుని ఉంది.

ఆ వారమే అమ్మాయిగారు ఆయన్ని గదిలోకి పిలిచింది. చెప్పడానికి ఇబ్బంది పడింది, ఆ మాట ఒప్పుకోవాలి. "బాబాయ్, ఇంక బండి ఎక్కడుందో పార్టీలే చూసుకుంటారు. మూడు నెలలు చూద్దాం. ఫోన్లు తగ్గిపోతే ఈ కుర్చీ తీసేద్దాం. మీకు గోడౌన్‌లో సరుకు సరిచూసే పని ఇస్తాను."

గోడౌన్ పని అంటే రోజంతా నిలబడే పని. బాబాయ్‌కి యాభై నాలుగు, కుడి మోకాలు అప్పటికే పెద్దాయన దారి పట్టింది. ఇంటికెళ్ళి భార్యకి చెబితే ఆవిడ మిషను ఆపకుండానే, "నిజం చెప్పే డబ్బా వచ్చాక మీతో ఏం పనిలెండి" అంది. ఎగతాళిగానే అంది గానీ, ఆ రాత్రి ఆయన మోకాలికి నూనె రాసింది.

అయితే విచిత్రం జరిగింది. ఫోన్లు తగ్గలేదు, రెట్టింపయ్యాయి. ఇదివరకు బండి ఎక్కడుందని అడిగేవాళ్ళు, ఇప్పుడు ఎందుకాగిందని అడగసాగారు. "ఇరవై నిమిషాలుగా చుక్క కదలట్లేదండీ." "మా బండి వెనక్కి పోతోందేమిటండీ?" తెరమీద చుక్క ఉంది, దానికి నోరు లేదు. ఎందుకాగిందో బాబాయ్‌కీ తెలియదు. ఇరవయ్యారేళ్ళు బండ్ల గురించి మాట్లాడి, బండ్లు దేనికి ఆగుతాయో ఎప్పుడూ కనుక్కోలేదని అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి. సిగ్గుపడ్డాడు కూడా.

ఒక నోటుపుస్తకం కొని మొదలుపెట్టాడు. బండి ఆగగానే డ్రైవరుకి ఫోన్ చేసి కారణం కనుక్కునేవాడు, రాసుకునేవాడు. ఏ డ్రైవరు ఏ కొట్టు దగ్గర ఎంతసేపు టీ తాగుతాడు, ఎవరికి మధ్యాహ్నం కునుకు పడాలి, నిండు బండి ఏ ఎత్తు ఎంత వేగంతో ఎక్కుతుంది, ఉత్త బండి ఎంత వేగంతో ఎక్కుతుంది, అన్నీ. తరవాత పార్టీ ఫోన్ చెయ్యకముందే తనే చేసి చెప్పడం మొదలుపెట్టాడు. "బండి ఆగిందండి, టైరు మారుస్తున్నారు, ముప్పావుగంట పడుతుంది." మొదట్లో జనం బెదిరిపోయారు. వంతెన బాబాయ్ ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పడమేమిటని ఒకాయన తిరిగి ఫోన్ చేసి, మాట్లాడింది ఆయనేనా అని కనుక్కున్నాడు.

అలా రెండు నెలలు గడిచేసరికి ఫోన్లు నిజంగానే తగ్గాయి. అడిగేలోపే చెప్పేస్తుంటే ఇంకెవరు అడుగుతారు? కూర్చున్న కొమ్మని తనే నరుక్కుంటున్నానని బాబాయ్‌కి తెలుసు. అయినా మానలేదు. ఆ పని రుచి మరిగాడు. గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా మోటారు సంగతి వచ్చింది.

ఒక ఊరికి నీళ్ళు తోడే పెద్ద మోటారు పాడైపోవచ్చింది. రొప్పుతూ రోజుతూ ఎలాగో నడుస్తోంది. కొత్త మోటారు మోసుకెళ్ళే పని ఈ ఆఫీసుకి వచ్చింది. అది సవ్యంగా జరిగితే ఇంకో పదకొండు ఊళ్ళ మోటార్లు కూడా వీళ్ళకే ఇస్తారు. అమ్మాయిగారు అక్కడికి వెళ్ళి, తెరమీద చుక్క చూపించి, ఒప్పించి తెచ్చుకున్న పని అది. అవతల బాధ్యుడు ఎవరో కాదు, పన్నెండేళ్ళ కిందటి ఆ కుర్ర ఇంజనీరే. ఇప్పుడు పెద్ద ఇంజనీరు.

ఆయన లెక్క ఇది. కొత్తది సాయంత్రం నాలుక్కి చేరాలి. పాతది ఊడదీసి క్రేనుతో పైకెత్తడానికి మూడు గంటలు కావాలి. అది తీసేశాక కొత్తది బిగించేదాకా ఊరికి చుక్క నీరుండదు. ట్యాంకులో ఉన్నది ఆసుపత్రితో సహా ఊరంతటికీ ఒక్క పూటకే సరిపోతుంది. అందుకని బండి దగ్గరపడితే గానీ పాతది ముట్టుకోనన్నాడు. "బండి వంతెన దాటడం నా కళ్ళతో లింకులో చూస్తాను. అప్పుడు మొదలుపెడతాను" అన్నాడట అమ్మాయిగారితో. వంతెన అనే మాట కావాలనే అన్నాడని బాబాయ్ ఉద్దేశం.

బండి ఇచ్చింది నిదానానికి. నిదానం అంటే డ్రైవరు. నలభై దాటి పోనివ్వడు, పల్లంలో ఉత్త బండి అయినా సరే. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, చెప్పనిది తలకింద పెట్టుకుని పడుకుంటాడు. మోటారు లాంటి బరువుకి వాడే తగినవాడని అందరూ అన్నారు.

తెల్లవారుజామున అయిదింటికి బండి కదిలింది. పదకొండుకి వంతెన ఎత్తు మొదట్లో ఉన్న టీకొట్టు దగ్గర ఆగింది. నిదానం అక్కడ ఇరవై నిమిషాలు ఆగుతాడని నోటుపుస్తకంలో ఉంది. ఇరవై నిమిషాలు గడిచాయి. నలభై గడిచాయి. బాబాయ్ ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. పన్నెండూ పదికి చుక్క కదిలింది. ఎత్తు ఎక్కింది, వంతెన మీదికి వచ్చింది, దాటింది.

అమ్మాయిగారు తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "దాటేసింది బాబాయ్" అంది, హాయిగా ఊపిరి వదిలి.

బాబాయ్ మళ్ళీ నిదానానికి ఫోన్ చేశాడు. మోగుతూనే ఉంది.

"నడిపేటప్పుడు ఎత్తొద్దని మనమే కదా రూలు పెట్టాం. అతను రూలు తప్పుతాడా?" అంది ఆవిడ.

అది నిజమే. కానీ బాబాయ్ నోటుపుస్తకం తిరగేస్తున్నాడు. వేలు ఒకచోట ఆగింది. తెరవైపు చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు. "అమ్మా, ఆ ఎత్తు ఎంత వేగంలో ఎక్కిందో ఒకసారి చూపించు."

ఆవిడ చూపించింది. యాభై ఐదు.

"నిండు బండి ఆ ఎత్తు పద్దెనిమిదిలో ఎక్కుతుంది. మహా అయితే ఇరవై. యాభై ఐదులో నిండు బండి ఎక్కదమ్మా. ఎక్కినా దాన్ని నడిపేది నిదానం కాడు."

"అంటే?"

"డబ్బా దాటింది. బండి దాటలేదు."

చెబుతూనే ఆయన నోటుపుస్తకం మూశాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. ఇరవయ్యారేళ్ళు తను చెప్పిన అబద్ధాన్ని ఇప్పుడు సబ్బుపెట్టంత డబ్బా, తనకన్నా నమ్మకంగా, వేగంతో సహా చెబుతోంది. తను చెబితే జనం సగమే నమ్మేవాళ్ళు. దీన్ని పూర్తిగా నమ్ముతారు. ఈపాటికి ఇంజనీరు చేతిలో రెంచి ఉండి ఉంటుంది.

అమ్మాయిగారు తెరముందు నుంచి ఆయనవైపు తిరిగింది. "బాబాయ్, మన డబ్బా తప్పు చూపిస్తోందని మనమే చెబితే రేపటినుంచి దాన్నెవరు నమ్ముతారు? ఆ పదకొండు ఊళ్ళ పనీ పోతుంది. అదీగాక మీరు చెప్పేదే తప్పైతే? ఉత్త అనుమానం మీద పని ఆపించామంటే ఇంక మన గడప తొక్కరు."

"తప్పైతే నన్ను గోడౌన్‌కి కూడా పంపక్కర్లేదు, ఇంటికే పంపించెయ్యి. కానీ తప్పు కాకపోతే, రేపు పొద్దున్న ఆ ఆసుపత్రిలో చేతులు కడుక్కోడానికి నీళ్ళుండవు."

ఆవిడ చుక్కవైపు ఒకసారి చూసి, తనే ఫోను ఆయనవైపు జరిపింది.

ఇంజనీరు వెంటనే ఎత్తాడు. వెనక సుత్తి చప్పుడు వినిపిస్తోంది.

"ఇంజనీరుగారూ, పాత మోటారు తియ్యకండి. బండి వంతెన దాటలేదు."

"ఎవరండీ మాట్లాడేది?"

"లారీ ఆఫీసులో ఫోను దగ్గర ఉండేవాణ్ణండి."

"మీరా." ఆ ఒక్క మాటలో పన్నెండేళ్ళూ వినిపించాయి. "బండి దాటి పావుగంటయింది. మీవాళ్ళు పంపిన లింకులోనే చూస్తున్నాను. క్రేను వచ్చి నిలబడింది, నాలుగు బోల్టులు ఊడదీశాం కూడా. మీ మాట నమ్మి ఒకసారి ఇరవైమందిని ఎండలో నిలబెట్టాను. మళ్ళీ నమ్మమంటారా?"

బాబాయ్‌కి బతిమాలుకుంటే లాభం లేదని తెలుసు. ఒట్టు పెట్టుకుంటే అసలే లాభం లేదు.

"నమ్మొద్దులెండి. ఒక్కటి ఆలోచించండి చాలు. ఇన్నేళ్ళలో దాటని బండిని దాటిందని మీకు చెప్పాను. మీకే కాదు, అందరికీ చెప్పాను. దాటిన బండిని దాటలేదని ఎప్పుడైనా, ఎవరికైనా, ఒక్కసారన్నా చెప్పానా?"

అటునుంచి సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. పక్కనే అమ్మాయిగారు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. కాసేపటికి ఇంజనీరు ఎవరితోనో, "కాస్త ఆపండి" అన్నాడు. సుత్తి ఆగింది.

"ఎంతసేపు ఆగమంటారు?"

"నాకు తెలియదండి. తెలియగానే చెబుతాను."

నాకు తెలియదు అన్న మాట ఆ ఫోనులో ఆయన ఎన్నడూ అనలేదు. మొదటిరోజు కూడా అనలేదు.

ఆ తరవాత ముప్పావుగంట ఇద్దరూ ఆ గదిలో కూర్చున్నారు. ఎవరో టీ తెచ్చి పెట్టారు, చల్లారిపోయింది. చుక్క వంతెనకి ఆవలి ఊళ్ళోకి వెళ్ళి ఒకచోట ఆగింది. ఆ చోట ఏముందని అమ్మాయిగారు తెరమీద పెద్దది చేసి చూసింది. లారీ విడిభాగాల కొట్టు. అప్పుడే కొత్త నంబరు నుంచి ఫోను మోగింది.

"బాబాయ్, నేను నిదానాన్ని."

"ఎక్కడున్నావురా?"

"వంతెన దాటాను బాబాయ్."

"బండి?"

"బండి ఈవలే ఉంది. ఎత్తు మొదట్లోనే క్లచ్ ప్లేటు పోయింది. టీకొట్టు ఆయన్ని చూస్తూ ఉండమని చెప్పి, వేరే బండిలో ఎక్కి ప్లేటు కోసం వచ్చాను. నా ఫోను బండిలోనే చార్జింగుకి పెట్టి మర్చిపోయాను. ఇది కొట్టువాళ్ళ ఫోను."

"ఫోను మర్చిపోయినవాడివి డబ్బా ఎందుకు తీసుకెళ్ళావురా?"

నిదానం గొంతులో నిజమైన ఆశ్చర్యం వినిపించింది. "బండి దిగితే అది చేతిలో ఉండాలని మీరే కదా బాబాయ్ చెప్పారు? డబ్బా వదిలినవాడు ఉద్యోగం వదిలినట్టే అన్నారు. సంచీలో పెట్టుకుని భద్రంగా తెచ్చాను."

బాబాయ్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే కళ్ళు మూసుకున్నాడు. అమ్మాయిగారు మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తరవాత ఆపుకోలేక నవ్వేసింది. నవ్వుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి. భయమంతా అలా బయటికి పోయింది.

ఆయన ఇంజనీరుకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. క్లచ్ ప్లేటు, సంచీ, తను డ్రైవర్లకి చేసిన హితబోధ, అన్నీ. రాత్రికి బాగవుతుంది, పొద్దున్నే కదులుతుంది అన్నాడు. ఇంజనీరు అంతా విని, ఊడదీసిన నాలుగు బోల్టులూ మళ్ళీ బిగించమని తనవాళ్ళకి చెప్పాడు. డబ్బా గురించి ఒక్క మాట అనలేదు. పదకొండు ఊళ్ళ గురించీ అనలేదు.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే అమ్మాయిగారు గుమ్మందాకా వచ్చింది. డబ్బాలన్నీ బండ్లకి మరలతో బిగించెయ్యమని మెకానిక్కుకి అప్పటికే చెప్పేసింది. "బాబాయ్, మీ నోటుపుస్తకం నాకు ఒకసారి ఇస్తారా? ఏ బండి ఏ ఎత్తు ఎంతలో ఎక్కుతుందో అదంతా కంప్యూటర్లో పెట్టిస్తాను."

బాబాయ్ అమాయకుడేం కాదు. పుస్తకం చంకలోంచి తియ్యకుండానే, "ఇస్తానమ్మా. కానీ నా రాత నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. నేను పక్కన కూర్చుని చదవాల్సిందే" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. చిన్నప్పుడు కాగితప్పడవ మునిగిపోతే ఇంకోటి చెయ్యమని చూసిన చూపే అది. "అయితే కూర్చోండి బాబాయ్" అంది.

ఇంటికి చేరేసరికి భార్య మిషను మీద ఉంది. తల ఎత్తకుండానే, "వంతెన దాటిందా?" అంది.

"లేదు" అన్నాడు.

మిషను ఆగింది. ఆవిడ తల తిప్పి చూసింది, ఒంట్లో బాగాలేదేమోనని దగ్గరికి వచ్చి నుదురు కూడా తాకి చూసింది. ఆయన కూర్చుని మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. అంతా చెప్పేసరికి గుమ్మంలోకి ఎవరో వచ్చి చొక్కా అడిగారు. "ఇంకా కత్తిరించలేదమ్మా, గురువారం రా" అంది ఆవిడ. వచ్చినావిడ ఎంత కంగారుపడిందంటే, మారుమాట లేకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు బాబాయ్ ఏడు కాకముందే ఆఫీసులో ఉన్నాడు. తుడిచేవాళ్ళు కూడా ఇంకా రాలేదు. కుర్చీ తనే తుడుచుకుని తెర ముందు కూర్చున్నాడు. ఏడూ పావుకి చుక్క కదిలింది. ఎత్తు ఎక్కసాగింది. పదిహేడు, పద్దెనిమిది, పదిహేడు. ఆ ఎత్తు ఎక్కడానికి దానికి పావుగంట పట్టింది. బాబాయ్ పద్దెనిమిది అన్న అంకె చూసి అంత సంతోషించిన రోజు ఇంకోటి లేదు. వంతెన దాటాక పక్కకి ఆపి ఫోన్ చెయ్యమని నిదానానికి ముందే చెప్పి ఉంచాడు. చేశాడు.

"బండిలోనే ఉన్నావా?"

"బండిలోనే ఉన్నాను బాబాయ్. మోటారు వెనకే ఉంది. దిగి తట్టి చూసి వచ్చాను."

బాబాయ్ ఇంజనీరు నంబరు నొక్కాడు. ఆ లింకు ఆయన దగ్గరా ఉంది, ఆ చుక్కని ఆయనా చూస్తూనే ఉంటాడు. అయినా వెంటనే ఎత్తాడు.

"వంతెన దాటిందండి" అన్నాడు బాబాయ్.

ఇరవయ్యారేళ్ళుగా రోజుకి అరవైసార్లు అన్న మాటే.

"సరే" అన్నాడు ఇంజనీరు. ఫోను పెట్టెయ్యలేదు. పక్కకి తిరిగి తనవాళ్ళతో అంటున్న మాట బాబాయ్‌కి స్పష్టంగా వినిపించింది. "వంతెన దాటిందట. పాత మోటారు తీసెయ్యండి."